విందుకు పిలవమన్న వాళ్లను పిలిచాక

బైబిల్ చదువుతున్నా అర్థం కావడం లేదని మా స్త్రీల కూడికలో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. చాలా ఏళ్లు ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. చదవక కాదు. మాది ఒంగోలు. మా ఇంట్లో ఈ విశ్వాసం ముత్తాతల నాటి నుంచి వస్తున్నదే. సండే స్కూల్లో కంఠత వాక్యాలు అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్నాను. ఏడాదిలో బైబిల్ పూర్తిచేసే పట్టిక గోడకు అతికించుకుని ఆదికాండం మొదలు ప్రకటన గ్రంథం దాకా చదివాను. వంట చేసుకుంటూ ఫోన్లో ప్రసంగాలు వింటాను. ఏ అధ్యాయంలో ఏముందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అయినా చదివింది చదివినట్టే ఉండిపోయేది. కొండమీది ప్రసంగం చదువుతున్నంతసేపూ బాగుండేది, పుస్తకం మూసేస్తే అయిపోయేది. ఇది నిజంగా దేవుడు నాతో అంటున్న మాటేనా అని లోపల ఒక సందేహం. ఎవరితోనైనా అందామంటే భయం. ఇన్ని తరాల క్రైస్తవ కుటుంబంలో పుట్టి నీకు సందేహమేంటి అంటారని.

యోహాను సువార్త 7వ అధ్యాయం దగ్గర నా చదువు ఆగింది. యూదుల పర్ణశాలల పండుగ సగమయ్యాక యేసు యెరూషలేము దేవాలయంలోకి వెళ్లి బోధిస్తుంటాడు. ఎక్కడా చదువుకోని ఈ మనిషికి ఇంత పాండిత్యం ఎలా వచ్చిందని అక్కడివాళ్లు ఆశ్చర్యపోతారు. ఈ బోధ నాది కాదు, నన్ను పంపినవానిది అంటాడాయన. ఆ వెంటనే 17వ వచనం: “ఎవడైనను ఆయన చిత్తముచొప్పున చేయ నిశ్చయించుకొనినయెడల, ఆ బోధ దేవునివలన కలిగినదో, లేక నా యంతట నేనే బోధించుచున్నానో వాడు తెలిసికొనును.”

ఈ వచనం నాకు చిన్నప్పుడే నోటికి వచ్చు. ఈసారి మాత్రం దాని వరస నన్ను పట్టుకుంది. ముందు అర్థం కావాలి, నమ్మకం కుదరాలి, ఆ తర్వాత చేద్దాం అని కదా మనం అనుకుంటాం. ఆయన చేయడానికి సిద్ధపడటాన్ని ముందు పెట్టి, తెలియడాన్ని వెనక పెట్టాడు. నా సందేహానికి ఆయన చూపించిన దారి ఇంకో పుస్తకం చదవడం కాదు. చేస్తానని ఒప్పుకోవడం. అదొక్కటే నేను ఎప్పుడూ చేయలేదనిపించింది.

అయితే ఏం చేస్తానని ఒప్పుకోవాలి? దేవుని చిత్తం అనగానే మనవాళ్ల ఆలోచన సంబంధాల మీదికీ, ఉద్యోగాల మీదికీ, వీసాల మీదికీ పోతుంది. కలల కోసం, ప్రవచనాల కోసం ఎదురుచూస్తాం. నేనూ అలాంటిదేదో అడగబోయాను. మా పాస్టర్ గారు కూర్చోమని చెప్పి ఇలా అన్నారు: “తెలియని చిత్తం సంగతి తర్వాత చూద్దామమ్మా. తెలిసిన చిత్తం రాసిపెట్టి ఉంది కదా. సువార్తల్లో యేసయ్య చెయ్యమన్న వాటిలో నీకు బొత్తిగా ఇష్టం లేనిది ఒకటి తీసుకో. ఇష్టమున్నవి తీసుకుంటే నీ చిత్తమేదో ఆయన చిత్తమేదో నీకు తెలియదు.” అంతే. ప్రార్థన చేసి పంపించేశారు.

ఆ రోజుల్లో మా సొంత ఇల్లు పూర్తి కావస్తోంది. టైల్స్ పని నడుస్తోంది. లోను వాయిదాలు అప్పుడే మొదలయ్యాయి. గృహ ప్రతిష్ఠ కూడికకు ఎవరెవరిని పిలవాలో, కార్డులు ఎన్ని వేయించాలో ఇంట్లో ఇదే మాట. అలాంటప్పుడు లూకా 14వ అధ్యాయం 12 నుంచి 14 వచనాలు నా కళ్లముందు నిలబడ్డాయి. ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదు వర్గమైన పరిసయ్యుల అధికారి ఒకరి ఇంట్లో, విశ్రాంతిదినాన, భోజనానికి పిలిచిన ఆ ఇంటాయనతోనే యేసు అన్న మాటలవి. విందు చేసేటప్పుడు స్నేహితుల్ని, అన్నదమ్ముల్ని, బంధువుల్ని, డబ్బున్న ఇరుగుపొరుగుల్ని పిలవొద్దు. బీదల్ని, అంగహీనుల్ని, కుంటివాళ్లని, గుడ్డివాళ్లని పిలువు. వాళ్లు నీకు తిరిగి ఏమీ చేయలేరు గనుక నువ్వు ధన్యుడివి. కారణం కూడా చెప్పాడు: బంధువులైతే “నిన్ను మరల పిలుతురు గనుక నీకు ప్రత్యుపకారము కలుగును.”

ప్రత్యుపకారం అంటే ఏంటో మన తెలుగువాళ్లకు ఎవరూ వివరించక్కర్లేదు. మన ప్రతి ఇంట్లో చదివింపుల పుస్తకం ఉంటుంది. మా అత్తగారి బీరువాలో, చీరల మడతల కింద, అట్ట ఊడిపోయిన పొడుగు పుస్తకం ఒకటి ఉంది. మా పెళ్లికి, మా ఆడపడుచు పెళ్లికి, పిల్లల పుట్టినరోజులకు ఎవరెంత చదివించారో అందులో ఉంది. ఊరి పేరు, ఇంటి పేరు, పక్కన అంకె: 116, 516, 1,116. కొన్నింటి మీద అడ్డగీత ఉంటుంది. అంటే మనం తిరిగి చదివించేశాం, లెక్క సరిపోయిందని. ఎవరింట్లో శుభకార్యమైనా అత్తగారు ముందు ఆ పుస్తకం తీసి చూసి, దానికి కాస్త కలిపి కవర్లో పెడతారు. ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు. పెళ్లిళ్ల ఖర్చు ఇలాగే పదిమందీ పంచుకుని ఎన్నో కుటుంబాలు ఒడ్డున పడ్డాయి. కానీ యేసు ఆ పుస్తకం మీదే వేలు పెట్టి మాట్లాడుతున్నాడని నాకు తెలిసిపోయింది. నాకు బొత్తిగా ఇష్టం లేని ఆజ్ఞ ఏదో కూడా తెలిసిపోయింది.

ఇంట్లో చెప్పాను. మావారు కోప్పడలేదు. ఆయన మెతకమనిషి. “దానికేముంది, కూడిక అయ్యాక ఏదైనా ఆశ్రమానికి బిర్యానీ ప్యాకెట్లు పంపిద్దాం. ఆ రోజు అందరం చేసేదే కదా” అన్నారు. నిజానికి నాకూ అది సులువుగానే తోచింది. కానీ ఆ వచనంలో పంపించమని లేదు, పిలవమని ఉంది. ప్యాకెట్ పంపిస్తే ఆ మనిషి మన గడప తొక్కడు, మన కంచంలో తినడు, మన సోఫాలో కూర్చోడు. రెండింటికీ ఎంత దూరమో ఆయనా ఒప్పుకున్నారు, కాసేపు మాట్లాడకుండా ఉండి.

అత్తగారిది మాత్రం న్యాయమైన బాధ. “ఊరందరి ఇళ్లల్లో చదివించి వచ్చాం అమ్మాయ్. మన వంతు వచ్చేసరికి ఎవర్నీ పిలవనంటావేంటి? మా తమ్ముడికి ఏం చెప్పాలి? పిల్లల చదువులకు, ఇంటి అప్పుకు ఆ డబ్బు కాస్త సాయమవుతుంది కదా.” ఆవిడ అడిగినదాంట్లో స్వార్థం లేదు. నా దగ్గర జవాబూ లేదు.

ఇక్కడ చాలా రోజులు ఆగిపోయాను. ఈ ఆగిపోవడం గురించే ఎక్కువ చెప్పాలనుంది, ఎందుకంటే సాక్ష్యాలు చెప్పేటప్పుడు మనం దీన్ని దాటేస్తాం. దేవుడు చెప్పాడు, నేను చేశాను అంటాం. నా విషయంలో అలా జరగలేదు. చేయగలను, చేయడానికి మనసు లేదు. బలవంతంగా చేస్తే అది విధేయత అవుతుందా అనేది ఇంకో టెన్షన్. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పుకునేదాన్ని: ప్రభువా, నాకు ఇష్టం లేదు, మా ఆడపడుచు అత్తింటివాళ్లు నవ్వుతారని భయంగా ఉంది, ఇష్టపడే మనసు నువ్వే ఇవ్వాలి. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో, కోరుకోవడానికీ చేయడానికీ మనలో పనిచేసేది దేవుడే అని పౌలు రాశాడు. 13వ వచనం. ఆ మాటను సిద్ధాంతంగా ఎన్నోసార్లు విన్నాను. ఇష్టం లేని పని ముందు నిలబడి, ఇష్టాన్ని కూడా అడుక్కోవచ్చని తెలిసినప్పుడే అది నాకు వాక్యం అయింది. అంటే నేను ఇంకా ఏమీ చేయకముందే, చేయడానికి తలొగ్గే ప్రయత్నంలోనే, ఒక వచనం తెరుచుకుంది. యోహాను 7:17 నిజమని నాకు మొదటి ఆధారం అదే.

మనసు మారింది ఏ కూడికలోనో కాదు. కట్టుబడి దగ్గర. స్లాబ్ వేసినప్పుడు, గోడలు లేపినప్పుడు తట్టలు మోసిన ఒకామె, మిగిలిన కూలి డబ్బుల కోసం వచ్చింది. డబ్బులు కొంగున కట్టుకుని వెళ్లబోతూ ఆగి, “లోపల అయిపోయింది కదమ్మా, వంటగది ఒకసారి చూసిపోనా?” అంది. చెప్పులు బయటే విడిచి, కాళ్లు కడుక్కుని వచ్చింది. ప్లాట్‌ఫాం గ్రానైట్ మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ రాసి చూసింది. “ఇన్ని ఇళ్లకు మోశాను గానీ, పూర్తయ్యాక ఒక్కదాన్ని చూడలేదమ్మా. అప్పటికి మేము వేరే పనిలో ఉంటాం” అంది. ఆమె వెళ్లాక మావారి వైపు చూశాను. “ఈమెతో మొదలుపెడదామండీ” అన్నాను. ఆయన తలూపారు.

పొద్దున ప్రార్థన కూడికకు సంఘస్థులనూ బంధువులనూ పిలిచాం, టీ, కేకు పెట్టాం. చదివింపులు వద్దని కార్డులోనే వేయించాం. విందు మాత్రం మధ్యాహ్నం, వేరే అతిథులకు. బంధువుల్ని అసలు పిలవొద్దనే ఆయన అన్నాడు కదా అని ఎవరైనా అడగొచ్చు. పాస్టర్ గారిని నేనూ అడిగాను. కానా పెళ్లికి ఆయనా వెళ్లాడు, ఆయన తల్లీ అక్కడ ఉంది కదమ్మా, చుట్టరికం తెంచుకోమని కాదు, విందు ఎవరిదో చూసుకో అన్నారు. నాకది సరైనదిగానే అనిపించింది. భోజనాలు పెట్టలేదని కొందరు బంధువులు నొచ్చుకున్న మాట నిజం. ఒకరిద్దరు ఇప్పటికీ ముభావంగానే ఉంటారు.

మనవాళ్లలో పిలుపు అంటే ఇంటికి వెళ్లి పిలవాలి, ఫోను చేస్తే పిలిచినట్టు కాదు. ఈ అతిథుల్ని కూడా అలాగే పిలవాలని పట్టుపట్టాను. అది అనుకున్నంత సులువు కాలేదు, ఎందుకంటే వాళ్ల ఇళ్లెక్కడో నాకు తెలియదు. మా మందిరం గేటు పక్కన ప్రతి ఆదివారం ఒక అవ్వ కూర్చుంటుంది. షుగర్ వల్ల ఒక కాలు మోకాలి కింద తీసేశారు. బయటికి వచ్చేవాళ్లు చిల్లర వేస్తుంటారు, నేనూ వేస్తాను. ఆ ఆదివారం పక్కన గొంతుక్కూర్చుని “అవ్వా, నీ పేరేంటి? ఇల్లెక్కడ?” అని అడిగాను. భయపడింది. “ఇక్కడ కూర్చోవద్దంటున్నారా తల్లీ?” అంది. కాదు, మా కొత్తింట్లో భోజనానికి రావాలి, కార్డు ఇవ్వడానికి మీ ఇంటికి వస్తాను అన్నాను. కార్డు అక్కడే తీసుకుని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. చదవడం రాదట. చివరికి, “ఏం కట్టుకుని రావాలమ్మా?” అని అడిగింది.

బస్టాండు దగ్గర ఒక అంధ దంపతులు చిన్న స్పీకరు పెట్టుకుని క్రైస్తవ కీర్తనలు పాడుతుంటారు. ఆయనకు కార్డు చేతికిచ్చి, తేదీ చెప్పి, విషయం చెప్పాను. “సరేనమ్మా, ఎంతసేపు పాడాలి?” అన్నాడు. పాడటానికి కాదండీ, భోజనానికి అన్నాను. “భోంచేశాక పాడాలా?” అన్నాడు. అది కూడా కాదని నమ్మించడానికి కొంతసేపు పట్టింది. పిలుపు అన్నది వాళ్ల జీవితంలో ఎప్పుడూ ఏదో ఒక పనికే వచ్చింది మరి.

ఆ మధ్యాహ్నం మెనూ పెద్దదేం కాదు. కోడి పలావు, పప్పుచారు, గోంగూర, వంకాయ కూర, పెరుగు, మైసూర్‌పాక్. వంట మనిషిని పెట్టుకున్నాం, వడ్డన మాత్రం మేమే. ఇల్లు ఎత్తు మీద కట్టాం కాబట్టి వాకిట్లో నాలుగు మెట్లున్నాయి. మూడు చక్రాల సైకిల్ మీద పిన్నీసులు, దువ్వెనలు అమ్ముకునే ఆయన వచ్చి మెట్ల కింద ఆగి, “ఇక్కడికే పెట్టించండి సార్, పర్వాలేదు” అన్నాడు. ఇల్లంతా డిజైన్ చేయించేటప్పుడు కుర్చీలో వచ్చే మనిషి ఎలా ఎక్కుతాడన్న ప్రశ్న మా ఎవరికీ రాలేదు. మేస్త్రీ అక్కడే ఉన్నాడు, అతనూ ఆ రోజు అతిథే. పెరట్లో మిగిలిపోయిన సెంట్రింగ్ చెక్కలు తెచ్చి మెట్ల మీద ఏటవాలుగా పరిచాడు. సైకిల్ లోపలికి వచ్చింది. ఇప్పుడక్కడ సిమెంటు ర్యాంపు ఉంది.

బంతి సాగింది. తట్టలు మోసిన ఆమె, ఆమె మొగుడు, పిల్లలు వంటగది గుమ్మానికి ఎదురుగా కూర్చున్నారు. అత్తగారు మొదట్లో గదిలోంచి బయటికి రాలేదు. అవ్వ ఆకులో పలావు అయిపోయి, అడగడానికి మొహమాటపడుతూ వేళ్లతో మెతుకులు ఏరుకోవడం కిటికీలోంచి చూసినట్టున్నారు. బేసిన్ తీసుకుని వచ్చేశారు. ఆ తర్వాత ఆవిడ చేతిలో గరిటె ఎవరికీ ఇవ్వలేదు.

భోజనాలయ్యాక పాడే ఆయన తనంతట తనే మాట్లాడటం మొదలుపెట్టాడు. పాస్టర్ గారు యోహాను 9వ అధ్యాయం ప్రస్తావించారు, పుట్టు గుడ్డివాడి కళ్ల మీద యేసు బురద పూసి సిలోయము కోనేటిలో కడుక్కోమనే ఘట్టం. పాడే ఆయన అన్నాడు: “అందరూ చూపు వచ్చిన సంగతే చెప్తారయ్యగారూ. నాకెప్పుడూ ఆయన కోనేటి దాకా నడిచిన నడకే గుర్తొస్తుంది. అప్పటికి చూపు రాలేదు కదా. ఉన్న చీకటికి తోడు మొహమంతా బురద. దారిలో జనం నవ్వే ఉంటారు. ఎందుకు కడుక్కోవాలో ఆయనకీ తెలియదు, యేసయ్య చెప్పలేదు. అయినా వెళ్లాడు. నేనైతే అక్కడే ఆగి అడిగేవాణ్ని, కడిగితే ఏమవుతుంది సార్ అని.” ఆయన భార్య పక్కనుంచి, “ఒక్కడే ఎలా వెళ్తాడు, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే ఉంటారు” అంది.

నేను చదివిన ఏ వ్యాఖ్యానంలోనూ ఆ నడక నాకు కనబడలేదు. ఆ రాత్రి ఆ అధ్యాయం మళ్లీ తీశాను. కోనేరు యెరూషలేములో దేవాలయానికి దక్షిణాన, కొండవాలు దిగితే వస్తుంది. 2004లో మురుగునీటి పైపు బాగుచేస్తుంటే దాని రాతిమెట్లు బయటపడ్డాయి. దేవాలయం వైపు నుంచి అక్కడికి దిగిన పాత మెట్ల వీధిని కూడా తవ్వి తీశారు. ఆ మనిషి దేవాలయం పరిసరాల నుంచే బయలుదేరి ఉంటే అర కిలోమీటరు పైగా దిగుడు నడక, మూసిన కళ్లతో. కడుక్కుని చూపుతో వచ్చాక కూడా తనను బాగుచేసింది ఎవరో అతనికి పూర్తిగా తెలియదు. మొదట “యేసు అను ఒక మనుష్యుడు” అంటాడు. పరిసయ్యులు నిలదీస్తే ప్రవక్త అంటాడు. వెలివేశాక, యేసు తానే వెతికి వచ్చి కలిస్తే, ప్రభువా అని మొక్కుతాడు. లోబడటం ఒక్క క్షణంలో అయింది, తెలియడం మెల్లమెల్లగా వచ్చింది. పర్ణశాలల పండుగలో యాజకులు నీళ్లు తెచ్చి బలిపీఠం దగ్గర పోసేది కూడా ఈ సిలోయము నుంచే. చేయ నిశ్చయించుకుంటే తెలుస్తుందని యేసు అన్నది ఆ పండుగలోనే. రెండు అధ్యాయాలు దాటితే ఆ కోనేటి నీళ్లతోనే ఒక మనిషికి తెలిసింది.

అక్కణ్నుంచి బైబిల్లో ఇలాంటి చోట్లు వరసగా కనబడసాగాయి. కానా పెళ్లిలో యేసు నీళ్లను ద్రాక్షారసంగా మార్చినప్పుడు, అది ఎక్కడిదో విందు ప్రధానికి తెలియదు, పెళ్లికొడుక్కూ తెలిసినట్టు లేదు. నీళ్లు తెచ్చిన పరిచారకులకు తెలుసు. రెండేసి మూడేసి తూములు పట్టే ఆరు రాతిబానలను, ఎందుకో తెలియకుండానే, అంచులదాకా నింపింది వాళ్లు. యాజకులకు కనబరచుకోమని యేసు పంపిన పదిమంది కుష్ఠురోగులు వెళ్తుండగా శుద్ధులయ్యారు, శుద్ధులయ్యాక వెళ్లలేదు. అబ్రాహాము ఎక్కడికి వెళ్లాలో ఎరగకుండా బయలుదేరాడు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చిన కథలే.

అన్నిటికంటే లోతుగా తగిలింది లూకా 14లోనే, ఆజ్ఞ తర్వాత వచ్చే గొప్ప విందు ఉపమానం. పిలిచినవాళ్లంతా పొలం కొన్నాననీ, ఎడ్లు కొన్నాననీ, పెళ్లి చేసుకున్నాననీ తప్పించుకుంటే, యజమాని వీధుల్లోంచి బీదల్ని, అంగహీనుల్ని, గుడ్డివాళ్లని, కుంటివాళ్లని లోపలికి రప్పిస్తాడు. పైన ఆజ్ఞలో ఉన్న జాబితాయే ఇక్కడా ఉంది. ఇంతకాలం రెండింటినీ వేరువేరుగా చదివాను. ఆ రోజు బంతిలో వడ్డిస్తూ తిరిగాక, ఈ ఉపమానంలో నేను ఇంటి యజమానిని కాదని తెలిసింది. నేను ఆకు ముందు కూర్చున్నదాన్ని. దేవునికి తిరిగి పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. నా ఉపవాసాలూ దశమభాగాలూ ఆయన పుస్తకంలో నా పేరు పక్కన పడి, ఏదో ఒక రోజు కలిపి తిరిగి వస్తాయన్న లెక్కతో ప్రార్థన చేయడం ఆ తర్వాత నాకు కుదరలేదు. కృప గురించి ఎన్ని ప్రసంగాలు విన్నానో. అది అర్థమైంది మాత్రం “పాడాలా?” అని ఆయన అడిగిన ఆ ప్రశ్నలోనే. ఏదో ఒకటి చేస్తే తప్ప తనకు అన్నం పెట్టరని ఆయన అనుకున్నాడు. దేవుని దగ్గర నేనూ అలాగే నిలబడేదాన్ని.

మా పెద్దలకు ఇదంతా ముందే తెలుసేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. 1878 జూలై 3న, ఘోరమైన కరువు వెనకే, ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పుడు ఇక్కడ ఉన్నది అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు. ఆ వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగ పల్లెలవాళ్లు, అక్షరం రానివాళ్లు. వాళ్లకు సిద్ధాంతం ఏం తెలుసు? కానీ ఆదివారం పని చేయబోమని చెప్పి ఆసాముల చేత దెబ్బలు తిన్నారు. జాతర్లలో డప్పు కొట్టమంటే కొట్టబోమన్నారు, దానికీ కష్టాలు పడ్డారు. విన్న ఒకటి రెండు మాటలకు ముందు లోబడ్డారు, వాక్యం తర్వాత నేర్చుకున్నారు. చదువుకోని ఇతనికి పాండిత్యం ఎలా వచ్చిందని యెరూషలేములో అడిగిన ప్రశ్నే వాళ్ల గురించీ అడగొచ్చు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. విధేయత అనే మాటను వేదికల మీద చాలా తప్పుగా వాడుతున్నారు. నేను చెప్పినట్టు చెయ్, నా పరిచర్యకు ఇంత విత్తు, ఇది దేవుని మాట, ప్రశ్నించకు అనే బోధ వింటే నాకు కడుపు మండుతుంది. అప్పులు చేసి కానుకలు ఇచ్చి ఇబ్బందుల్లో పడ్డ ఆడవాళ్లను దగ్గరనుంచి చూశాను. యేసు చెప్పింది మనుషుల చిత్తం గురించి కాదు, తండ్రి చిత్తం గురించి. యోహాను 7లోనే, ఆ 17వ వచనం తర్వాతి వచనంలో గుర్తు కూడా ఇచ్చాడు: తనంతట తానే బోధించేవాడు తన మహిమనే వెదకుతాడు. మనల్ని లోబడమనేవాడు ఆ లోబడటం వల్ల పెద్దవాడవుతుంటే అనుమానించాల్సిందే. లూకా 14 ఆజ్ఞ వల్ల మా పాస్టర్ గారికి ఒరిగిందేమీ లేదు. మాకూ కానుకలు పోయాయి.

అన్నీ తెలిసిపోయాయని కూడా అనడం లేదు. యోహాను 9లో చూపు వచ్చింది, మా ఇంటికి వచ్చిన ఆయనకు రాలేదు. ఎందుకని ఆయన్నే అడిగాను, చనువు పెరిగాక. “నాకు చెప్పలేదమ్మా” అన్నాడు. నాకూ చెప్పలేదు. దాన్ని కప్పిపుచ్చే జవాబు ఎవరైనా ఇస్తే నేను ఒప్పుకోను.

కొన్నాళ్లకు మందిరం గేటు దగ్గర అవ్వ నన్ను ఆపి, “తల్లీ, ఈ ఆదివారం మా ఇంట్లో తినాలి” అంది. తిరిగి పిలవలేనివాళ్లను పిలవమన్నాడు కదా ఆయన, మరి ఈవిడ పిలిచేసిందే అని ఒక్క క్షణం తికమకపడ్డాను. పాస్టర్ గారు హాయిగా నవ్వి, వెళ్లమ్మా, ఆకలితో వెళ్లు అన్నారు. రేకుల గది. కూతురు వండిపెట్టింది, అన్నం, చేపల పులుసు. ఉన్న ఒక్క కుర్చీ నాకు వేసి, మంచం మీద కూర్చుని నేను తింటుంటే చూసింది. ముక్కలన్నీ నా కంచంలోనే వేసింది. వద్దని చెప్పే హక్కు నాకు లేదని తెలిసి తినేశాను. అత్తగారు ఆ సంగతి విని, పోయిన క్రిస్మస్‌కు అవ్వకు చీర పెట్టారు. పుస్తకంలో రాయలేదు.

మధ్యాహ్నం విందు ఇప్పటికీ అప్పుడప్పుడూ సాగుతోంది. ప్రస్తుతం నేను మత్తయి 5:42 దగ్గర ఉన్నాను. అడిగినవానికి ఇవ్వు, అప్పు అడగగోరేవాడి నుంచి ముఖం తిప్పుకోవద్దు. మా మరిది అడిగి చాలా రోజులైంది. ఇంతకుముందు ఇచ్చింది ఇంకా తిరిగి రాలేదు. మావారు నిర్ణయం నాకే వదిలేశారు. మనసు ఇంకా రాలేదు. రాత్రిళ్లు వంటింట్లో కూర్చుని అడుగుతున్నాను.